ఇంటి రూటర్‌కి టైమ్ సర్వర్: ఎంచుకోవడం, సరిచూసుకోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకీ చెరువులకీ నెట్, కెమెరాలు పెట్టి చూసుకోవడం నా పని. పదిమందీ పదేపదే అడిగినవాటిని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. టైమ్ సర్వర్ అంటే నెట్ మీద అడిగినవాళ్లకి సరైన టైము చెప్పే కంప్యూటర్. సర్వర్ల పేర్లు తెలుగులో రాశాను. రూటర్‌లో కొట్టేటప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. ‘డాట్’ అన్నచోట చుక్క పెట్టాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

నెట్ బాగానే వస్తోంది కదండీ, రూటర్‌లో టైము తప్పుంటే నాకేంటి నష్టం?

నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఒక చలికాలం మా బాబాయి వాళ్ల రొయ్యల చెరువు దగ్గర నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ మోటారు ఎత్తుకుపోయారు. గట్టు మీద కెమెరా ఉంది, రికార్డింగూ ఉంది. స్టేషన్లో అడిగింది ఒక్కటే: “ఎన్నింటికి జరిగింది?” రికార్డర్ తెరిస్తే తేదీ 1970 జనవరి 1 అని ఉంది. “ఇదేంట్రా, నేను పుట్టకముందు తీసిందా?” అన్నాడు బాబాయి.

జరిగింది ఇది. రికార్డర్ తన టైముని రూటర్‌ని అడిగి తెచ్చుకునేలా నేనే పెట్టాను. రూటర్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన టైమ్ సర్వర్ జవాబివ్వడం మానేసి చాలా రోజులైంది. రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి రూటర్ 1970లో లేచింది. తన టైము నిజమో కాదో చూసుకోకుండా అడిగినవాళ్లకి అదే ఇచ్చేసే రకం రూటర్ అది. చివరికి లెక్క ఎలా కట్టామంటే, రికార్డింగ్‌లో చెరువు నీళ్ల మీద పొద్దు పొడిచింది 12:40కి అని ఉంది. ఆ రోజుల్లో మాకు తెల్లవారేది సుమారు ఆరున్నరకి. అంటే 6 గంటల 10 నిమిషాల తేడా. మోటారు దగ్గర మనుషులు కనబడింది 9:10కి, కాబట్టి అసలు టైము తెల్లవారుజాము మూడు. పొద్దుని బట్టి వేసిన ఆ అంచనా కాగితం మీద రాసి ఇస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు. ఈ పేజీ రాయడానికి కారణం ఆ రోజే.

ఇంకా ఉన్నాయి. పిల్లలకి రాత్రి పదింటికి వైఫై ఆగేలా పెడితే మధ్యాహ్నం ఆగిపోతుంది. రూటర్ లాగ్‌లో ఏ రోజు ఏం జరిగిందో తెలియదు. రూటర్‌లోనే వీపీఎన్ (నెట్ రాకపోకల్ని దాచే దారి), గుప్త డీఎన్ఎస్ (సైటు పేరుకి అంకెల చిరునామా వెతికే పనిని దాచి చేసేది) పెట్టుకున్నవాళ్లకి అసలు నెట్టే రాకపోవచ్చు. దాని సంగతి కింద చెబుతాను.

1970 ఎందుకు? పైగా ఉదయం 5:30 అని చూపిస్తుందేం?

ఇళ్లలో వాడే చాలా రూటర్లలో గడియారాన్ని నడిపించే బ్యాటరీ ఉండదు. కరెంటు పోతే టైము మర్చిపోతాయి. లోపల నడిచే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ కాలాన్ని ప్రపంచ కాలం ప్రకారం 1970 జనవరి 1 సున్నా గంటల నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది. ఆ సున్నాకి మన అయిదున్నర గంటలు కలిపితే ఉదయం 5:30. కొన్ని రూటర్లు 1970కి బదులు తమ సాఫ్ట్‌వేర్ తయారైన తేదీతో లేస్తాయి. అది మరీ మోసం. ఏడాదో రెండేళ్లో వెనకున్న తేదీ చూసి చాలామంది సరిగ్గానే ఉందనుకుంటారు.

టైమ్ సర్వర్ టైముని ఎలా పంపుతుంది? దారిలో పట్టే ఆలస్యం సంగతేంటి?

దీనికి వాడే పద్ధతి పేరు ఎన్‌టీపీ, నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ తయారుచేశారు. 1985లో దాని మొదటి ప్రమాణ పత్రం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది నాలుగో రూపం, 2010 నాటిది. 2024 జనవరిలో కాలం చేసేవరకూ ఆయన పేరు ఈ రంగం బయట పెద్దగా ఎవరికీ తెలియదు. మన ఫోన్లూ కంప్యూటర్లూ ఇన్ని కోట్లు ఒకే క్షణాన్ని చూపిస్తున్నాయంటే అది ఆయన చలవే.

ఆలస్యాన్ని లెక్కకట్టే తీరు మన పంటు (ఏరు దాటించే బల్లకట్టు) ప్రయాణంలాగే ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో నా వాచీ ప్రకారం 10:00కి పంటు ఎక్కాను. నరసాపురం రేవులో దిగేసరికి అక్కడి గడియారం 10:25. అక్కడి గడియారంలో 10:30కి మళ్లీ ఎక్కాను. వెనక్కి వచ్చి చూస్తే నా వాచీలో 10:25. మొత్తం నాకు పట్టింది 25 నిమిషాలు, అందులో 5 అవతల ఆగిన టైము. ఏటి మీద గడిచింది 20, అంటే పోను పది, రాను పది. కాబట్టి నేను దిగినప్పుడు నా వాచీలో 10:10 అయి ఉండాలి, అక్కడ 10:25. నా వాచీ 15 నిమిషాలు వెనక ఉంది. రూటర్ చేసేదీ ఇంతే: బయలుదేరిన టైము, చేరిన టైము, తిరిగి బయలుదేరిన టైము, వచ్చిన టైము, ఈ నాలుగు అంకెలతో తేడా తేలుస్తుంది.

ఇందులో ఒక నమ్మకం దాగి ఉంది, పోను రాను ఒకటే సమయం పడుతుందని. పోటు మీదో ఎదురుగాలికో పంటుకి పోను 14 నిమిషాలు, రాను 6 పట్టిందనుకోండి. మొత్తం అదే 20. కానీ నా వాచీ నిజంగా వెనకున్నది 11 నిమిషాలే, లెక్కలో 15 వస్తుంది. రెండు దారుల తేడాలో సగం తప్పుగా మిగిలిపోతుంది. సాయంత్రం అందరూ సినిమాలు చూస్తూ లైను ఒక వైపే కిక్కిరిసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. అందుకే మంచి పరికరాలు ఒక్క జవాబుతో సరిపెట్టుకోవు, చాలాసార్లు అడిగి, ఆలస్యం తక్కువగా వచ్చిన జవాబుని ఎక్కువ నమ్ముతాయి.

స్ట్రేటమ్ అంటే? చిన్న అంకె ఉన్న సర్వర్నే వెతకాలా?

పరమాణు గడియారం, జీపీఎస్ రిసీవర్ లాంటి మూలం స్ట్రేటమ్ 0. దానికి నేరుగా కట్టిన సర్వర్ 1, దాన్ని అడిగేది 2, అలా 15 దాకా. 16 అంటే ‘నాకే టైము తెలియదు’ అని అర్థం. ఇంటికి 2, 3 ఉన్నవి బ్రహ్మాండంగా సరిపోతాయి. స్ట్రేటమ్ అంటే మూలం నుంచి ఎన్నో చేయి అన్నదే, నాణ్యతకి మార్కులు కాదు.

సరే, ఇంతకీ ఏ సర్వర్ పెట్టుకోమంటారు?

నేను ఎక్కువగా పెట్టేది ఎన్‌టీపీ పూల్. 2003లో మొదలైన స్వచ్ఛంద ఏర్పాటు ఇది. ప్రపంచమంతటా మనుషులు, సంస్థలు తమ సర్వర్లని ఉచితంగా ఇందులో చేరుస్తారు. మీరు పేరు అడిగినప్పుడల్లా ఆ గుంపులోంచి కొన్ని చిరునామాలు ఇస్తుంది. సరిగ్గా లేని సర్వర్లని అదే కనిపెట్టి పక్కన పెడుతుంది. మన దేశం పేరు: ఇన్ డాట్ పూల్ డాట్ ఎన్‌టీపీ డాట్ ఆర్గ్. దాని ముందు 0, 1, 2, 3 అంకెలు, ఒక్కోదాని తర్వాత చుక్క పెడితే నాలుగు వేర్వేరు పేర్లు అవుతాయి. ఆసియా మొత్తానికి కావాలంటే ‘ఇన్’ బదులు ‘ఆసియా’.

మన దేశపు అధికారిక కాలాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, ఎన్‌పీఎల్. వాళ్ల సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్ఇండియా డాట్ ఆర్గ్. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీ వాళ్లవి సమయ్1, సమయ్2, రెండింటి చివరా డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు, డేటా సెంటర్లు, సేవలందించేవాళ్లు ఈ రెండు సంస్థల సర్వర్లతో గడియారాలు కలుపుకోవాలని ఉంది. ఆ ఆదేశం ఇంటి రూటర్‌కి కాదు. అయినా వరసలో ఒకదాన్ని పెట్టుకోవడం నాకిష్టం. మన ప్రామాణిక కాలం పుట్టేది అక్కడే కదా. అయితే అదొక్కటే పెట్టి ఊరుకోకండి.

నెట్ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీది టైమ్ డాట్ క్లౌడ్‌ఫ్లేర్ డాట్ కామ్, గూగుల్‌ది టైమ్ డాట్ గూగుల్ డాట్ కామ్. రెండూ గట్టివే. రూటర్‌తో వచ్చిన సర్వర్ పనిచేస్తుంటే దాన్నీ తీసెయ్యక్కర్లేదు. తీసెయ్యాల్సింది పేరు కాకుండా ఉత్త అంకెలతో, ఎవరిదో తెలియకుండా ఉన్న చిరునామాలని. బాబాయి రూటర్‌లో ఉన్నది అలాంటిదే.

ఒక్కటి చాలదా? ఎన్ని పెట్టాలి?

అరుగు మీద ఒక్కడే ఉంటే అతను చెప్పిందే టైము, తప్పైనా తెలియదు. ఇద్దరుండి చెరో టైము చెబితే ఎవరిది ఒప్పో తేలదు. ముగ్గురుంటే ఒకడు తప్పినా మిగతా ఇద్దరూ పట్టిస్తారు. నాలుగో మనిషి ఉంటే వాళ్లలో ఒకరు లేచి వెళ్లినా ముగ్గురు మిగులుతారు. అందుకే నాలుగు. రూటర్‌లో రెండు గడులే ఉంటే ఒకటి పూల్, రెండోది క్లౌడ్‌ఫ్లేర్ పెట్టండి. అలాంటి రూటర్లు చాలావరకు సర్వర్లని పోల్చి చూడవు. మొదటిది పలకకపోతే రెండోదాన్ని అడుగుతాయి, అంతే.

సర్వర్ ఎంత దగ్గరుంటే అంత మంచిదా?

దగ్గరైతే మంచిదే, కానీ దీనికోసం నిద్ర పాడుచేసుకోవద్దు. సర్వర్ నిజాయతీగా ఉన్నంతకాలం, దారి వల్ల వచ్చే తప్పు పోను రాను పట్టిన మొత్తం టైములో సగాన్ని మించదు. అమెరికా వెళ్లి రావడానికి 300 మిల్లీసెకన్లు పట్టినా తప్పు 150 లోపే. కెమెరాకి, వైఫై వేళలకి ఒక సెకను అటూ ఇటూ అయినా చాలు. దగ్గరదాని అసలు లాభం వేరు: జవాబులు దారిలో తప్పిపోవడం తక్కువ.

గూగుల్‌ది, మిగతావాళ్లవి కలిపి పెట్టవద్దంటారు, నిజమేనా?

నిజమే. భూమి తిరిగే వేగానికి సర్దుబాటుగా అప్పుడప్పుడూ ఒక లీపు సెకను కలుపుతారు. ఆఖరిది 2016 డిసెంబరు 31న, మన లెక్కలో 2017 జనవరి 1 ఉదయం 5:30కి ముందు కలిపారు. మిగతా సర్వర్లు చాలావరకు ఆ సెకనుని ఒక్కసారిగా కలిపితే, గూగుల్ దాన్ని 24 గంటల మీద కొంచెం కొంచెంగా పరుస్తుంది. ఆ ఒక్కరోజు రెండు రకాలకీ అర సెకను దాకా తేడా వస్తుంది. 2035 నాటికి లీపు సెకన్ల పద్ధతిని మార్చాలని 2022లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ తీర్మానించింది కూడా. ఇంటికి దీనివల్ల వచ్చే ముప్పు ఏమీ లేదు, కానీ శుభ్రంగా ఉండాలంటే గూగుల్ పెడితే అన్నీ గూగుల్‌వే పెట్టండి.

రూటర్‌లో ఇవన్నీ ఎక్కడ ఉంటాయి? టైమ్‌జోన్ ఏం పెట్టాలి?

బ్రౌజర్‌లో 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ కొట్టండి. పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, లేకపోతే కేబుల్ ఆయన్ని అడగండి. లోపల ‘సిస్టమ్’ లేదా ‘అడ్మినిస్ట్రేషన్’ కింద ‘టైమ్’ అని వెతకండి. టైమ్‌జోన్ జీఎంటీ+5:30, జాబితాలో చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండేది. డేలైట్ సేవింగ్ (ఎండాకాలంలో గడియారాన్ని గంట ముందుకి జరిపే పద్ధతి) ఆపెయ్యాలి, మనకి అది లేదు.

సర్వర్ మీకు పంపేది ప్రపంచ కాలమే, అయిదున్నర కలుపుకోవడం రూటర్ పని. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేసుకున్నవాళ్లకి ఒక చిక్కు: అక్కడ జోన్‌ని అక్షరాల్లో రాస్తే ఐఎస్‌టీ-5:30 అని మైనస్‌తో ఉంటుంది. తప్పు కాదు, అక్కడ గుర్తు తిరగేసి రాస్తారు. ‘సరిచేద్దాం’ అని ప్లస్ పెడితే పదకొండు గంటలు తేడా వస్తుంది.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. దేశం మొత్తానికి కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకి కొంచెం తూర్పుగా పోతుంది. అమలాపురం దానికి అర డిగ్రీ పడమర, అంటే సూర్యుడి లెక్కకీ వాచీకీ సగటున రెండే నిమిషాల తేడా. దేశంలో పొద్దుకీ గడియారానికీ ఇంత దగ్గర పొత్తున్న చోట్లు తక్కువ. బాబాయి చెరువు మీది లెక్క ఆ మాత్రం కుదరడానికి ఇదీ ఒక కారణమే.

పెట్టాను. పనిచేస్తోందని ఎలా తెలుసుకోవాలి?

పేజీలో టైము సరిగ్గా కనబడితే సరిపోయిందనుకోకండి. కొన్ని రూటర్లలో ‘కంప్యూటర్ నుంచి తీసుకో’ అనే మీట ఉంటుంది. అది ఒకసారి నొక్కితే టైము సరిగ్గానే కనబడుతుంది, మళ్లీ కరెంటు పోయేదాకా. అందుకే నా పరీక్ష ఎప్పుడూ ఒకటే. రూటర్ తీగ పీకి పది నిమిషాలు ఉంచండి. మళ్లీ పెట్టి, నెట్ దీపం వెలిగాక అయిదు నిమిషాలు ఆగి, టైము పేజీ తెరవండి. సరైన తేదీ, గంట ఉంటే సర్వర్ జవాబిస్తోందన్నమాట. బాబాయి ఇంట్లో ఈ పని ముందే చేసి ఉంటే ఆ కాగితం రాయాల్సి వచ్చేది కాదు.

సెకన్లలో సరిపోల్చడానికి ఫోన్‌లో టైమ్ డాట్ ఈజ్ అనే సైటు తెరవండి, మీ ఫోన్ ఎంత ముందో వెనకో కూడా చెబుతుంది. నెట్‌లో వచ్చే రేడియో గంటలని కొలతగా పెట్టుకోవద్దు, ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా చేరుతుంది.

సర్వర్‌నే పరీక్షించాలంటే విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డబ్ల్యూ32టీఎం అని కొట్టండి. ఖాళీ వదిలి ఏటవాలు గీతతో స్ట్రిప్‌చార్ట్, మళ్లీ ఖాళీ, ఏటవాలు గీతతో కంప్యూటర్, దానికి ఆనుకుని కోలన్, సర్వర్ పేరు. రెండేసి సెకన్లకి ఒక వరస వస్తుంది. +00.03 లాంటి అంకె ఉంటే మీ కంప్యూటర్‌కీ సర్వర్‌కీ తేడా సెకనులో నూరింట మూడు వంతులు. నాలుగైదు వరసలు దగ్గర దగ్గరగా ఉంటే సర్వర్ మంచిదే. అంకెకి బదులు ఎర్రర్ కోడ్ వస్తే జవాబు రావట్లేదు. ఒకే కంప్యూటర్ నుంచి మూడు సర్వర్లని ఇలా అడిగి, రెండు ఒక మాట, మూడోది వేరే మాట చెబితే ఆ మూడోదాన్ని తీసెయ్యండి.

లినక్స్ కంప్యూటర్‌లో క్రోనీ అనే టైము ప్రోగ్రామ్ ఉన్నవాళ్లు క్రోనీసీ సోర్సెస్ అని కొడితే పట్టిక వస్తుంది. నక్షత్రం గుర్తున్నది ప్రస్తుతం నమ్ముతున్న సర్వర్, ఇంటూ గుర్తున్నది మిగతావాటితో పొసగనిది. ‘రీచ్’ గడిలో 377 ఉంటే సంతోషించండి. గత ఎనిమిది సార్లూ అడిగితే ఎనిమిదిసార్లూ జవాబొచ్చిందని ఎనిమిది మూలంగా ఉన్న సంఖ్యల్లో రాసే పద్ధతి అది.

తేడా ఎంతుందో చెబితే జబ్బేమిటో చెప్పగలరా?

చాలావరకు చెప్పొచ్చు. సరిగ్గా 5:30 గంటలు తేడా ఉంటే సర్వర్ తప్పు కాదు, టైమ్‌జోన్ పెట్టలేదు. సరిగ్గా గంటైతే డేలైట్ సేవింగ్ వెలిగి ఉంది. ఏళ్ల తేడా ఉంటే లేచినప్పటినుంచి సర్వర్ ఒక్కసారీ దొరకలేదు. అర నిమిషం, నిమిషం తేడా ఉంటే ఒకప్పుడు దొరికి, తర్వాత దొరకడం మానేసింది. రూటర్‌లోని క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షలకి 20 వంతులు తప్పినా రోజుకి 1.7 సెకన్లు, నెలకి దాదాపు 50 సెకన్లు జరుగుతుంది. ఆ నిమిషాన్ని బట్టి ఎన్నాళ్ల కిందట తెగిందో కూడా ఊహించొచ్చు.

కరెంటు వచ్చాక రూటర్ లేస్తోంది, కానీ ఏ సైటూ తెరుచుకోవడం లేదు. దీనికీ టైముకీ సంబంధం ఉందా?

మీ రూటర్‌లో గుప్త డీఎన్ఎస్ గానీ డీఎన్ఎస్ఎస్ఈసీ (డీఎన్ఎస్ జవాబు అసలైనదో కాదో సరిచూసేది) గానీ పెట్టుకుని ఉంటే, ఉంది. ఇవి నమ్మే భద్రతా పత్రాలకి ‘ఈ తేదీ నుంచి ఈ తేదీ వరకు’ అని గడువు ఉంటుంది. 1970లో ఉన్న రూటర్‌కి ఇవాళ్టి పత్రం ఇంకా పుట్టనిదిగా కనబడుతుంది, కాబట్టి తోసిపుచ్చుతుంది. పేరుకి చిరునామా దొరకదు. టైమ్ సర్వర్‌కి ఉన్నదీ పేరే, దాని చిరునామా కూడా దొరకదు. టైము రాక డీఎన్ఎస్ లేదు, డీఎన్ఎస్ లేక టైము లేదు. వానాకాలంలో రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయే మన దగ్గర ఇది నిజమైన బాధ.

విరుగుడు రెండు రకాలు. వీలైతే టైమ్ సర్వర్ పేరు వరకూ మామూలు డీఎన్ఎస్‌నే అడిగేలా పెట్టండి. వీలుకాకపోతే నాలుగు గడుల్లో ఒకదానిలో అంకెల చిరునామా పెట్టండి, క్లౌడ్‌ఫ్లేర్‌ది 162.159.200.123. పూల్‌లో దొరికిన అంకెల్ని మాత్రం ఎప్పుడూ అలా పెట్టవద్దు. అవి వ్యక్తుల సర్వర్లు, రేపు ఉండకపోవచ్చు. వీటన్నిటికంటే ముందు రూటర్‌ని ఇన్వర్టర్ లైను మీదికి మార్చండి.

పోర్ట్ 123 తెరవాలా?

వద్దు. పోర్ట్ అంటే నెట్ రాకపోకలకి అంకె వేసిన ద్వారం. ఎన్‌టీపీ యూడీపీ అనే పద్ధతిలో 123వ ద్వారం మీద నడుస్తుంది, నిజమే. కానీ అడిగేది మీరు, జవాబు దానంతట అదే లోపలికి వస్తుంది. బయటివాళ్లకి 123 తెరిస్తే, వాళ్లు చిన్న ప్రశ్నని దొంగ చిరునామాతో పంపి మీ పరికరం చేత ఇంకొకరి మీదికి పెద్ద జవాబులు గుప్పించగలరు. 2014 ఫిబ్రవరిలో ఇలాంటి దాడి ఒకటి సెకనుకి 400 గిగాబిట్ల దగ్గరికి వెళ్లింది.

ఎంత తరచుగా అడగాలి? డేటా ఎంత అవుతుంది?

గంటకి ఒకసారి చాలు. ఒక ప్రశ్న 48 బైట్లు, పై తొడుగులతో కలిపి 76. గంటకోసారి అడిగి జవాబు తెచ్చుకున్నా రోజుకి నాలుగు కిలోబైట్లు కూడా కాదు.

తరచుగా అడిగితే పోయేదేముందని అనకండి. 2003 మేలో అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం టైమ్ సర్వర్ మీదికి ప్రశ్నలు వరదలా వచ్చి పడ్డాయి. వెతికితే తేలిందేంటంటే, నెట్‌గేర్ వాళ్ల కొన్ని ఇంటి రూటర్లలో ఆ సర్వర్ అంకెలే నేరుగా రాసి ఉన్నాయి, జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ అడిగేవి. ఇంటింటికీ చిన్నదే, అన్ని ఇళ్లూ కలిస్తే అదే వరద. పూల్ సర్వర్లు నడిపేవాళ్లు మన దగ్గర పైసా తీసుకోరు. వాళ్లని సెకనుకోసారి తట్టిలేపడం మర్యాద కాదు.

ఇంట్లో కెమెరాలు, టీవీ రూటర్నే టైము అడిగేలా పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, మంచి పద్ధతి. నెట్ లేకపోయినా ఇంట్లో అన్నీ ఒకే టైము మీద ఉంటాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో టైము పేజీలోనే దానికి మీట ఉంది. రికార్డర్‌లో మాత్రం మొదటిది రూటర్ చిరునామా, రెండోది పూల్ పేరు ఇచ్చి, బటన్ బ్యాటరీ కూడా మార్చండి. చెరువు గట్టు మీద ఉండేవాళ్లు నెలకోసారి కెమెరా టైముని ఫోన్‌తో సరిపోల్చి పుస్తకంలో రాసుకోండి. మేత లెక్క రాసే పుస్తకమే చాలు.

2036లో ఎన్‌టీపీ గడియారం తిరగబడుతుందట, ఇప్పుడు కొన్న రూటర్ పాడవుతుందా?

ఎన్‌టీపీ 1900 జనవరి 1 నుంచి సెకన్లని 32 బిట్లలో లెక్కపెడుతుంది. 2036 ఫిబ్రవరి 7న ఆ గడి నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సరిగ్గా రాసిన సాఫ్ట్‌వేర్ దీన్ని తట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయిన పాత రూటర్ల గురించే నా భయం. మీ రూటర్‌కి ఆఖరి అప్‌డేట్ ఏ ఏడాది వచ్చిందో ఆ టైము పేజీ తెరిచినప్పుడే పక్కన చూడండి. అయిదారేళ్లుగా ఏమీ రాకపోతే, ఈసారి పిడుగులకి అది పోయినప్పుడు అదే మోడల్ మళ్లీ కొనకండి.